నీ వంతు ఎంతో అంతే రాయి, చెల్లె

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింది పల్లె. మహిళా సంఘం నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి నేను ఇన్‌చార్జిని. నాతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తరు. ఈ యాసంగిలో మా కేంద్రం పేరు మీద మూడు లారీల వడ్లు ఎక్కువ చూపించిన్రు. ఆ వడ్లు కల్లంలకు రానే లేదు. మాకు తెలియని పేర్లు, గుంట భూమి లేని వాళ్ళ పేర్లు ట్యాబ్‌లో ఎక్కినయి. ఒక ట్రక్ షీట్ (లోడు వెంట మిల్లుకు పోయే కాగితం) మీద నా సంతకం ఉన్నది. మొగులు పట్టిన రాత్రి లోడ్లు పంపే తొందరలో, అసలు షీట్ల కట్టలో పెట్టి చేయించుకున్నరు. చూడకుండా చేసిన. మిగతా రెండింటి మీద చెయ్యనన్న. ఇప్పుడు ఎంక్వైరీ అంటున్నరు. మా పై సారు, ఊర్లో పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చి "ఆ రెండింటి మీద కూడా సంతకం పెట్టు, తప్పంతా నాదేనని కాగితం రాసియ్యి, కేసు మేం చూసుకుంటం. లేకుంటే అయిదుగురి మీద కేసయితది, రైతుల పైసలు ఆగుతయి" అన్నరు. ట్యాబ్ పాస్‌వర్డ్ వాళ్ళకిచ్చింది మాలో అందరికన్నా చిన్నది. నా కాళ్ళ మీద పడి ఏడ్చింది. మా అత్తమ్మ "పదిమంది బతకాలంటే ఒక్కరు నష్టపోతే ఏమైతది" అంటది. మా ఆయనకు సగమే చెప్పిన. బిడ్డ ఇంటర్ సెకండియర్. నా ఒక్కదానితో పోయేదుంటే పోనీ అనిపిస్తది. ఇది త్యాగమే కదా అక్కా? రాసియ్యాల్నా?
– ఒక చెల్లె, నల్గొండ జిల్లా

సమాధానం:

రాసియ్యకు చెల్లె. ఆ రెండు ట్రక్ షీట్ల మీద సంతకం పెట్టకు. తప్పంతా నాదేనన్న కాగితం ఇవ్వకు. నువ్వు ఇది చదివేలోపు వాళ్ళు మళ్ళీ ఇంటికొచ్చి కూర్చుంటే "మా ఆయన్ని, వకీలును అడిగి చెప్తా" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళు. అంతకు మించి మాట్లాడాల్సిన పని నీకు లేదు.

ముందు ఇంకో సంగతి. ఉత్తరం చివర్లో "నేనే లేకుంటే" అని రాసి, దాని మీద గీతలు కొట్టేశావు. కొట్టేసినా చదవడానికి వచ్చింది. ఆ ఆలోచన ఒక్కసారి వచ్చి పోయిందో, రాత్రుళ్ళు కూడా వస్తుందో నాకు తెలియదు. వస్తుంటే మాత్రం ఇవాళే మీ ఆయనకో, మీ అమ్మకో నోరు తెరిచి చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపేదే, పైసా ఖర్చు లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. నువ్వు లేకపోతే వాళ్ళ కాగితానికి ఇక ఎదురు మాటే ఉండదు. చనిపోయిన మనిషి మీద ఎంత తప్పైనా రాయొచ్చు. నువ్వు ఉండాలి. ఈ కేసు కోసమని కాదు, నీ బిడ్డ కోసం, నీ కోసం ఉండాలి.

ఇక త్యాగం మాట.

మీ అత్తమ్మ మాటను నేను కొట్టిపారెయ్యను. ఆ తరం ఆడవాళ్ళు తాము పస్తుండి పిల్లలకు పెట్టి బతికించారు కాబట్టే ఆ మాట వాళ్ళ నోట అంత సులువుగా వస్తుంది. కానీ "ఒక్కరు పోతే ఏమైతది" అన్న మాట పోయేవాళ్ళు అనాలి, పంపేవాళ్ళు అనకూడదు. మీ ఇంటికొచ్చి కూర్చున్న ఆ ఇద్దరిలో ఎవరైనా "నేను పోతా, మీరంతా బతకండి" అన్నారా? అనలేదు. తమ మెడకు చుట్టుకున్నదాన్ని తీసి నీ మెడలో వేసి, దానికి త్యాగమని పేరు పెట్టారు. నువ్వు మంచిదానివని, పదిమంది గురించి ఆలోచిస్తావని వాళ్ళకు తెలుసు. అందుకే నీ దగ్గరికి వచ్చారు. అన్యాయంగా పెత్తనం చేసేవాళ్ళు చెడ్డవాళ్ళ భయాన్ని ఎంత వాడుకుంటారో, మంచివాళ్ళ మంచితనాన్ని అంతకన్నా ఎక్కువ వాడుకుంటారు.

నిజం చెప్పినందుకు నీ ఇన్‌చార్జి పని పోతే, సీజన్ కమీషన్ పోతే, ఊళ్ళో నాలుగు రోజులు నీతో ఎవరూ మాట్లాడకపోతే అది త్యాగం. దానికి సిద్ధపడమని నేనే చెప్తాను. అబద్ధం రాసి జైలుకు పోతే దానివల్ల బాగుపడేది ఆ మూడు లారీల డబ్బు తిన్నవాళ్ళు మాత్రమే. నువ్వు కాపాడాలనుకున్న నలుగురూ బాగుపడరు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఒక లోడు కాగితం మీద పుట్టాలంటే ఎన్ని చేతులు కావాలో నీకు తెలుసు. చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. రైతు పేరు, పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా ఎవరో ఒకరు తెచ్చివ్వాలి. ఆ రైతు ఆ పంట వేశాడని వ్యవసాయ శాఖ వాళ్ళ రికార్డులో ఉండాలి. ట్యాబ్‌లో ఎంట్రీ పడాలి. ట్రక్ షీట్ మీద లారీ నంబరు కావాలి, అంటే రవాణా కాంట్రాక్టరు మనిషి కావాలి. ఆ వడ్లు మాకు ముట్టాయని మిల్లు ఒప్పుకోవాలి. అప్పుడే డబ్బు ఖాతాలో పడుతుంది. 2025-26కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 40 కిలోల సంచులు 700 వేస్తే ఒక లారీ 280 క్వింటాళ్ళు, అంటే 6,68,920 రూపాయలు. మూడు లారీలకు 20 లక్షల పైచిలుకు. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో మిల్లు తిరిగి ప్రభుత్వానికి పెట్టాలి గదా, రాని వడ్లకు బియ్యం ఎక్కడిదంటే, ఇలాంటి చోట్ల చాలాసార్లు జరిగేది ఒకటే: పేదల ఇళ్ళ నుంచి అగ్గువకు కొన్న రేషన్ బియ్యమే సంచులు మారి మళ్ళీ గోదాముకు వస్తుంది. ఇంత పెద్ద గొలుసులో నీది ఒక్క సంతకం. అదీ చూడకుండా చేసిన సంతకం. అధికారి ఎవరైనా ఈ గొలుసు పట్టుకుని లాగితే ఒక్కొక్కరే బయటికి వస్తారు. గొలుసు మొదట్లోనే "అంతా నేనే" అని ఒక ఆడమనిషి ఒప్పుకుంటే ఇక లాగేవాళ్ళు ఉండరని వాళ్ళ ఆశ.

ఆ లోడ్లు రాలేదని రుజువు చేసేది నీ మాట ఒక్కటే కాదు. హమాలీల కూలీ లెక్క చూడు. 700 సంచులు నింపి, కుట్టి, జోకి, లారీకి ఎక్కించారంటే హమాలీలకు ఆ రోజు ఆ కూలీ పడి ఉండాలి. పడలేదు. గన్నీ సంచుల రిజిస్టర్ చూడు. ఎన్ని కట్టలు వచ్చాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి. మూడు లారీలకు 2,100 సంచులు పోయి ఉండాలి. అవి మీ షెడ్డులో ఇంకా కట్టలుగానే ఉన్నాయేమో, లేకుంటే అసలు రానే లేదేమో. రైతుల వరుస రాసుకున్న నోటుబుక్కు, మ్యాచర్ (వడ్లలో తేమ) చూసి రాసిన కాగితం, 17 శాతం దాటిందని వెనక్కి పంపిన కుప్పల లెక్క, వీటన్నిట్లో ఆ పేర్లు ఎక్కడా ఉండవు. కంప్యూటర్‌లో అబద్ధం రాయడం సులువు. హమాలీ మేస్త్రీ జేబులో ఉండే చిన్న పుస్తకంలో రాయడం అంత సులువు కాదు, ఎందుకంటే దానికి పైసలు ఇవ్వాలి. ఆ పుస్తకం సంగతి ఎంక్వైరీకి వచ్చే అధికారికి నువ్వే గుర్తుచెయ్యి.

వీటన్నిటినీ ఇప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసుకో, పేజీ పేజీ, తేదీలు కనపడేలా. అసలు రిజిస్టర్లు మాత్రం ఇంటికి తెచ్చుకోకు. రేపు "రికార్డులు మాయం చేసింది" అనేస్తారు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు, ఫోన్ కాల్స్ లిస్టు తీసెయ్యకు. ఫోన్ మార్చకు. వాళ్ళు ఏ రోజు, ఏ టైముకు వచ్చారు, ఎవరు ఏ మాట అన్నారు, ఇంట్లో అప్పుడు ఎవరున్నారు, ఇదంతా ఒక నోటుబుక్కులో ఈ రాత్రే రాసిపెట్టుకో. మళ్ళీ సంతకం అడిగితే "సార్, మీరు చెప్పింది కాగితం మీద రాసివ్వండి" అను. మర్యాదగా, గొంతు పెంచకుండా అను. రాసివ్వరు. రాసివ్వలేదన్నది కూడా నోటుబుక్కులో రాయి.

"కేసు మేం చూసుకుంటం" అన్నారు చూడు, ఆ మాట ఇచ్చే అధికారం వాళ్ళకు లేదు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక దాన్ని ఆపడం మీ సారు చేతిలోనూ ఉండదు, పెద్దమనిషి చేతిలోనూ ఉండదు. పోలీసుల ముందు తప్పు ఒప్పుకున్నామన్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, చట్టం ఆపాటి రక్షణ ఇచ్చింది. కానీ నీ చేత్తో నువ్వు రాసి పై అధికారికి ఇచ్చిన కాగితానికి ఆ రక్షణ ఉండదు. దాన్ని తెచ్చి కోర్టులో పెట్టొచ్చు. బెదిరించి రాయించారని ఆ తర్వాత నువ్వు నిరూపించుకోవాలి. పైగా జైలుతోనే అయిపోదు, పోయిన సొమ్ము రికవరీ అంటారు. 20 లక్షలు మీ ఇంటి మీద పడితే మీ బిడ్డ చదువు సంగతి ఏమిటి? మన రాజ్యాంగం 20వ అధికరణంలోనే రాసి ఉంది, నేరం మోపబడిన మనిషిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చెయ్యకూడదని. నీకు ఆ హక్కు ఉండగా, నువ్వు చెయ్యనిదానికి కూడా నీ మీద నువ్వే సాక్ష్యం రాసుకోవడం ఏ ధర్మం?

నీతో పనిచేసే ఆ నలుగురి మీద కేసు రాదా అంటే, విచారణకైతే పిలుస్తారు. పిలవరని నేను అబద్ధం చెప్పను. కానీ నువ్వు రాసిచ్చినా పిలుస్తారు. ఆ రిజిస్టర్ల మీద వాళ్ళ సంతకాలు కూడా ఉన్నాయి గదా. అప్పుడు విచారణ అధికారి నిన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఈ పేర్లు నీకు ఎవరిచ్చారు, డబ్బు ఎటు పోయింది" అని. చెయ్యనిదానికి నువ్వు ఏం జవాబు చెప్తావు? ఒక అబద్ధం నిలబెట్టడానికి ఇంకో పది చెప్పాలి, వాటిలో ఆ నలుగురిని కూడా లాగాలి.

రైతుల పైసలు ఆగుతాయన్న మాట మాత్రం నిన్ను ఎక్కువ కలవరపెట్టిందని అర్థమైంది. ఆ మాట దగ్గర నీ అక్షరాలే వంకర పోయాయి. ఎంక్వైరీ వల్ల కొన్ని రోజులు ఆలస్యం కావచ్చు. నిజంగా వడ్లు పోసిన రైతుకు ఆ ఆలస్యం ఎంత కష్టమో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎరువుల షాపు అప్పు, కోత మిషను కిరాయి, ఆడపిల్ల పెళ్ళి ముహూర్తం, ఏదీ ఆగదు. అందుకని నువ్వు ఇచ్చే అర్జీలోనే ఒక వాక్యం చేర్చు: "ఈ మూడు లోడ్లు తప్ప మిగతా ట్రక్ షీట్లలోని రైతులు నిజంగా వడ్లు పోసినవారు, వారి చెల్లింపులు ఆపవద్దని మనవి" అని. వాళ్ళ పేర్లు, షీట్ల నంబర్లు జతచెయ్యి. తర్వాత కల్లం దగ్గరికి పోయి రైతులకు నీ నోటితోనే చెప్పు. పుకారు ముందు చేరితే నువ్వే దొంగవి అవుతావు. నువ్వు ముందు చేరితే వాళ్ళే నీకు సాక్షులు అవుతారు. వారాల తరబడి కుప్పకు పట్టాలు కప్పుకుని, రాత్రుళ్ళు కావలి పడుకున్న రైతుకు ఏ లారీ వచ్చిందో, ఏ లారీ రాలేదో నీకన్నా బాగా తెలుసు. తన లోడుకు లారీ దొరక్క వాన చుక్క పడితే గుండె ఆగినంత పని అవుతున్నప్పుడు, రాని వడ్లకు మూడు లారీలు రాశారని వింటే అతనికి ఎవరి మీద కోపం రావాలో అతనికే తెలుస్తుంది.

మన ఊళ్ళల్లో హరిశ్చంద్ర భాగోతం ఆడితే కాటిసీను దగ్గర ఏడవనివాళ్ళు ఉండరు. నీ ఉత్తరం చదివాక నాకు ఆ ఆటే గుర్తొచ్చింది, అయితే హరిశ్చంద్రుడి కోసం కాదు. సత్యం కోసం ఆయన రాజ్యం వదులుకున్నాడు, అది ఆయనది. చంద్రమతి తనను అమ్మమని తానే ముందుకు వచ్చిందంటారు, సరే. లోహితుణ్ణి ఎవరు అడిగారు? ఆ పిల్లవాడు ఎవరి సత్యానికి పాము కాటు తిన్నాడు? నువ్వు చేసే త్యాగంలో నీ వాటా ఎంత, నీ బిడ్డ వాటా ఎంత, మీ ఆయన వాటా ఎంత అని లెక్క వేసుకోవాలి. మీ ఆయనకు సగమే చెప్పావు. మిగతా సగం ఈ రాత్రి చెప్పు. కోపం చేస్తాడేమో, చెయ్యనీ. నీతో పాటు నష్టపోవాల్సిన మనిషికి ఎందుకు నష్టపోతున్నాడో తెలిసే హక్కు ఉంది. నీ బిడ్డకు కూడా చెప్పు. ఇంటర్ సెకండియర్ పిల్ల చిన్నపిల్ల కాదు. బయట ఎవరో "మీ అమ్మ దొంగ" అనకముందే అమ్మ నోటి నుంచి అసలు సంగతి వినాలి.

మన జిల్లాలో అన్యాయానికి ఎదురు నిలిచిన మనుషులకు లోటు లేదు. అప్పటి నల్గొండ జిల్లాలోదే, ఇప్పటి జనగామ జిల్లా కామారెడ్డిగూడెం. అక్కడి షేక్ బందగీ, విస్నూరు దేశ్‌ముఖ్ అండ చూసుకుని తన భూమి లాక్కోజూసిన వాళ్ళ మీద కోర్టుకెక్కి గెలిచాడు. 1941లో ఆయన్ని చంపారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోను వస్తే, సంఘం (ఆంధ్ర మహాసభ) కార్యకర్తలు ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఇద్దరూ చాలా నష్టపోయారు. బందగీ ప్రాణమే పోయింది. కానీ ఇద్దరిలో ఎవరూ గడీ తప్పును తమ నెత్తిన వేసుకోలేదు. "భూమి నాది, పంట నాది" అన్న నిజం దగ్గర నిలబడ్డారు, నష్టం ఆ నిజాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఐలమ్మ గింజలు ఇంటికి చేరింది ఆమె వెనక మనుషులు ఉన్నందుకు. ఆ సంగతి మరువకు.

ఒంటరిగా పోకు అని అందుకే అంటున్నా. సత్యేంద్ర దూబే అనే ఇంజినీరు జాతీయ రహదారి పనుల్లో అవినీతి మీద ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు బయట పెట్టవద్దని అందులో కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల్లో చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అవినీతి బయటపెట్టేవాళ్ళ రక్షణకని 2014లో చట్టమైతే చేశారు గానీ అమల్లోకి తేలేదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. రహస్యంగా ఒక్కరికే చెప్తే రక్షణ దొరుకుతుందని నమ్మకు అని చెప్తున్నా. నలుగురికి తెలిసేలా, నలుగురితో కలిసి, రసీదు తీసుకుని చెప్పు. నీకు ఏదైనా అయితే ఎవరిని అడగాలో ఊరందరికీ తెలిసి ఉండటమే నీకు కాపలా.

ఎవరి దగ్గరికి పోవాలంటే, మొదట వకీలు దగ్గరికి. ఖర్చని వెనకాడకు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తుంది. నల్గొండ జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. వకీలుకు చూపించాకే అర్జీ ఇవ్వు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి ఇచ్చి రసీదు తీసుకో. అదే అర్జీ నకళ్ళు జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారికి, పౌర సరఫరాల జిల్లా మేనేజర్‌కు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదులు దాచుకో. అధికారి ఎవరైనా డబ్బు అడిగినా, ఇస్తానన్నా ఏసీబీ నంబరు 1064. పోలీసులు సాక్షిగా పిలిస్తే, ఆడవాళ్ళను స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. ఇది కూడా చట్టంలో ఉన్నదే. వకీలు ఈ మాట వాళ్ళకు గుర్తుచేస్తారు.

అర్జీలో ఏం రాయాలి? రైతు వడ్లు జోకినట్టే నీ తప్పును కూడా జోకు. తరుగు తియ్యకు, మొగ్గు వెయ్యకు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీ రాత్రి ఫలానా నంబరు ట్రక్ షీట్ మీద నేను చదవకుండా సంతకం చేశాను. అది నా పొరపాటు. ఆ లోడు మా కేంద్రం నుంచి పోలేదని తర్వాత రిజిస్టర్లు చూస్తే తెలిసింది. మిగతా రెండు షీట్ల మీద నేను సంతకం చెయ్యలేదు. వాటి మీద సంతకం చెయ్యమని, తప్పంతా నాదేనని రాసివ్వమని ఫలానా రోజు మా ఇంటికి వచ్చి నన్ను అడిగారు. నేను ఒప్పుకోలేదు. హమాలీల కూలీ లెక్క, గన్నీ సంచుల రిజిస్టర్, మిల్లు రసీదులు కలిపి చూడాలని కోరుతున్నాను."

ఎవరు దొంగ, ఎవరు తిన్నారు అన్నది నువ్వు రాయకు. నీకు కళ్ళారా తెలిసింది మాత్రమే రాయి. "అనుకుంటున్నాను", "అంటున్నారు" అన్న మాటలు అర్జీలో వద్దు. ఆ మొదటి వాక్యం రాయడానికి చెయ్యి వణుకుతుంది. దాన్ని దాచేస్తే బాగుండు అనిపిస్తుంది, పక్కింటామె కూడా దాచమంటుంది. దాచకు. నీ పొరపాటును నువ్వే ముందు చెప్పినప్పుడు మిగతా మాటల్ని నమ్మడానికి వినేవాళ్ళకు ఒక కారణం దొరుకుతుంది. చూడకుండా సంతకం చేసినందుకు నీ మీద ఏదైనా చర్య ఉంటే అది పడనీ. మెమో ఇచ్చినా, ఇన్‌చార్జిగా తీసేసినా తల దించుకోకు. ఆ కష్టం నీది, దాన్ని నువ్వు మోయగలవు.

ఇక ఆ చిన్నది, పాస్‌వర్డ్ ఇచ్చిన పిల్ల. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఇదే. ఆమెను కాపాడాలన్న నీ ఆరాటం మంచిదే. కానీ ఆమె చేసింది నువ్వు చేశావని రాస్తే ఆమె కూడా జీవితాంతం ఆ ఇద్దరి చెప్పుచేతల్లో ఉంటుంది. పై సీజన్‌కు ఇంకో పాస్‌వర్డ్ అడుగుతారు, ఇవ్వనంటే "ఆ రోజు సంగతి బయట పెడతాం" అంటారు. నీకు తెలియకుండా ఇచ్చింది, పై సారు అడిగితే కాదనలేక ఇచ్చింది. ఆమె వయసులో, అంత పెద్దాయన అడిగితే చాలామంది ఇచ్చేవాళ్ళే. ఆ మాట ఆమె నోటితో ఆమే చెప్పాలి. నువ్వు అర్జీ ఇచ్చే ముందు ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టు. "నేను సోమవారం పోతున్నా, నన్ను అడిగితే అబద్ధం చెప్పను, నీ మీద లేనిది కల్పించను కూడా, నాతో రా" అని చెప్పు. వకీలు దగ్గరికి ఆమెను కూడా తీసుకుపో. ఒత్తిడి మీద ఇచ్చానని ముందే చెప్పిన మనిషికి, దొరికిపోయాక చెప్పిన మనిషికి కోర్టులోనైనా, ఊళ్ళోనైనా చాలా తేడా ఉంటుంది. ఆమె రానంటే బలవంతం చెయ్యకు, నువ్వు మాత్రం ఆగకు. మిగతా ముగ్గురినీ అదే రోజు కూర్చోబెట్టి ఇవే మాటలు చెప్పు. సంఘం తీర్మానాల పుస్తకంలో ఆ మీటింగు రాసి, వచ్చినవాళ్ళందరి సంతకాలు తీసుకో. ఈసారి ప్రతి ఒక్కరూ మొత్తం చదివాకే సంతకం పెట్టాలి.

సోమవారం ఏమైందో నాకు రాయి. వకీలు దొరక్కపోయినా, అర్జీ తీసుకోం అన్నా, ఇంటికి మళ్ళీ ఎవరైనా వచ్చినా ఆగకుండా రాయి.